గట్టుకు గుద్దుకున్న ముందు చక్రం: ఏది మార్చాలి, ఏది ఆగి చూడాలి?

గుంటూరు నుంచి ఒక టీచర్ రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆవిడ ఉద్యోగం విజయవాడలో. 16వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ రానూపోనూ 70 కిలోమీటర్ల దాకా కారులో తిరుగుతారు. పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఐదో ఏడు నడుస్తోంది, ఇంతవరకూ ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. పన్నెండు రోజుల క్రితం వానలో, అడ్డొచ్చిన ఆటోను తప్పించబోతే ఎడమ ముందు చక్రం సర్వీసు రోడ్డు అంచు గట్టుకు గట్టిగా కొట్టుకుంది. అప్పుడు స్పీడు 35 ఉంటుందంటున్నారు. అల్లాయ్ అంచు చెక్కుకుపోయింది. టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. స్టీరింగ్ ఎడమకు తిరిగి ఉండేది. ఊళ్లో వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే స్టీరింగ్ నిటారుగా వచ్చింది గానీ, చేయి వదిలితే బండి ఇప్పటికీ ఎడమకే లాగుతోంది. 70 దాటితే స్టీరింగ్ వణుకుతోంది.

ఇక సలహాలు. "బండి నడుస్తోందిగా, టైరు అరిగాక చూద్దాం" అంటారు మామయ్యగారు. తెలిసిన మెకానిక్ "యాక్సిల్ వంగింది, జాకీ పెట్టి క్యాంబర్ లాగేస్తాను, మూడు వేలు" అన్నాడు (క్యాంబర్ అంటే చక్రం తల లోపలికో బయటికో వాలిన కోణం). సర్వీస్ సెంటర్ వాళ్లు 64,800 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు: డ్రైవ్ షాఫ్ట్ 13,500, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పడాన్ని చక్రాలకు చేర్చే భాగం) 14,800, అల్లాయ్ 8,900, నకిల్ (హబ్‌ను పట్టి ఉంచే ఇనుప భాగం) 5,400, షాక్ అబ్జార్బర్ 4,200, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే భాగం) 3,100, హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) బేరింగ్ 2,600, టై రాడ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఎండ్ 900, టైరు 5,600, లేబర్ 5,800. ఇన్సూరెన్స్ ఉంది, 'బంపర్ టు బంపర్' (భాగాల అరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. నెలాఖరున హైదరాబాద్‌లో పెళ్లి ఉంది, అందరూ ఇదే కారులో వెళ్లాలి. "గుద్దింది నేనే కాబట్టి ఖర్చు మాట ఎత్తాలంటే ఇంట్లో నోరు రావడం లేదు. ఎవరి మాట వినాలి?" అని అడిగారు. అలైన్‌మెంట్ కాగితం ఫొటో కూడా పంపారు.

సమాధానం:

అమ్మా, మిగతా విషయాలకు ముందు ఆ టైరు సంగతి. పక్కగోడలో ఉండే దారాలు రిమ్‌కూ గట్టుకూ మధ్య నలిగి తెగిపోయాయి. ఇప్పుడు అక్కడ గాలిని ఆపుతున్నది పైనున్న రబ్బరు ఒక్కటే. దానికి ప్యాచ్ లేదు, ట్యూబు వేసినా లాభం లేదు. ఎండకు కాగిన హైవే మీద నలుగురు ఎక్కిన బండిలో అది ఎప్పుడైనా పేలవచ్చు, అదీ స్టీరింగ్ తిప్పే చక్రం. ఈ ఒక్క విషయంలో "చూద్దాం" అనడానికి వీల్లేదు. ఈ రోజే విప్పించండి.

ఎలా విప్పాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ పనిలోనే సగం పరీక్ష అయిపోతుంది. ఎడమ వెనక చక్రాన్ని ముందుకు తెచ్చి బిగించండి. వెనక స్టెప్నీ వేయండి. అల్లాయ్‌లున్న చాలా కార్లలో స్టెప్నీ చిన్న ఇనుప రిమ్‌తో వస్తుంది, దాని మీద 80 దాటవద్దని స్టిక్కర్ ఉంటుంది. దాన్ని వెనకే ఉంచండి, ఆ స్పీడు దాటకండి. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద 70–75 దాకా వెళ్లి చూడండి. వణుకు పోయిందా, అది దెబ్బతిన్న టైరు, రిమ్‌ల వల్ల వచ్చిందే. మంచి చక్రం వేసినా స్టీరింగ్ వణికితే హబ్, బేరింగ్, డ్రైవ్ షాఫ్ట్ వైపు చూడాలి. ఒక్క పైసా ఖర్చు లేకుండా తేలే విషయం ఇది. ఎస్టిమేట్ రాసే ముందు ఎవరూ ఇది చేయలేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

రిమ్ సంగతి: మీరు చూసింది బయటి అంచు గీతలు. వంపు చాలాసార్లు లోపలి అంచులో ఉంటుంది, అది బండి కింద దూరి చూస్తే తప్ప కనబడదు. టైరు షాపులో బ్యాలెన్సింగ్ మెషిన్ మీద టైరు లేకుండా ఒట్టి రిమ్ తిప్పించి, లోపలి అంచు దగ్గర ఒక పెన్ను కదలకుండా పట్టుకోమనండి. డయల్ గేజ్ (ఊగడాన్ని కొలిచే సాధనం) ఉంటే మరీ మంచిది. అర మిల్లీమీటరు ఊగడం పెద్ద విషయం కాదు. ఒక మిల్లీమీటరు దాటితే వణుకు తెలుస్తుంది. రెండు దాటితే ఎంత బరువు అతికించినా కుదరదు. అంచులో చిన్న వంపును మంచి రిమ్ రిపేరు వాళ్లు మెషిన్ మీద సరిచేస్తారు. స్పోక్ మీదగానీ, నట్లు కూర్చునే చోటగానీ పగులు ఉంటే మాత్రం వెల్డింగ్ వద్దు, రిమ్ మార్చాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. స్టీరింగ్ నిటారుగా వచ్చాక కూడా బండి ఎందుకు లాగుతోంది?

మీ టైరు ఎత్తు 62 సెంటీమీటర్లు. అంటే హబ్ మధ్యభాగం నేల నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్డు గట్టు 15–20 సెంటీమీటర్లు. దెబ్బ హబ్ కంటే కింద, ఏటవాలుగా తగిలింది. అది చక్రం అడుగుభాగాన్ని లోపలికీ, చక్రం మొత్తాన్ని వెనక్కీ నెడుతుంది. మీ కాగితంలో అంకెలు సరిగ్గా ఈ కథే చెబుతున్నాయి. ఎడమ క్యాంబర్ ప్లస్ 1°05′, కుడి మైనస్ 0°15′. అంటే ఎడమ చక్రం తల బయటికి వాలింది. క్యాస్టర్ (చక్రం ఏ గీత చుట్టూ మలుపు తిరుగుతుందో దాని ముందువెనకల వాలు) ఎడమ 3°05′, కుడి 4°40′. అంటే ఎడమ చక్రం కింది కీలు వెనక్కి జరిగింది. బండి క్యాంబర్ ప్లస్‌లో ఎక్కువున్న వైపుకూ, క్యాస్టర్ తక్కువున్న వైపుకూ లాగుతుంది. మీకు రెండూ ఎడమే. రెండు పక్కల మధ్య తేడా అర డిగ్రీ నుంచి ముప్పావు డిగ్రీ లోపు ఉండాలి, మీకు డిగ్రీ దాటిపోయింది.

అలైన్‌మెంట్ షాపులో సరిచేసింది టో (పైనుంచి చూస్తే చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయన్నది) ఒక్కటే. టై రాడ్ తిప్పితే టో మారుతుంది, స్టీరింగ్ నిటారవుతుంది, కాగితంలో ఆ గడి ఆకుపచ్చగా వస్తుంది. "బండి నడుస్తోందిగా" అని మామయ్యగారు అనడానికి కారణం అదే అయితే, ఆయన చూసిందీ నిజమే. కానీ మీలాంటి చిన్న కార్లలో క్యాంబర్, క్యాస్టర్ మార్చే ఏర్పాటు కంపెనీ ఇవ్వదు. అవి తప్పాయంటే ఏదో ఒక భాగం వంగింది లేదా జరిగింది. అది ఏదో కనిపెట్టడమే పని.

ఇంట్లోనే చేయగలిగిన కొలత ఒకటుంది. చదును నేల మీద స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్య దాకా టేపు పట్టండి. రెండు పక్కలా కొలవండి. 5–6 మిల్లీమీటర్ల తేడా మామూలే. ఎడమ పక్క 10 మిల్లీమీటర్లకు మించి పొట్టిగా ఉంటే లోయర్ ఆర్మ్ వంగింది, లేదా దాని వెనక రబ్బరు బుష్ చిరిగింది, లేదా ఆ ఆర్మ్ బిగించి ఉన్న క్రాస్ మెంబరే జరిగింది. క్రాస్ మెంబర్ జరిగితే బోల్టుల చుట్టూ మట్టి లేని కొత్త ఇనుము మెరుస్తూ కనబడుతుంది. మెకానిక్‌తో టార్చి వేయించి చూడండి. అది జరిగి ఉంటే బోల్టులు వదులు చేసి దాని చోట కూర్చోబెట్టాలి. పైన ఎన్ని కొత్త భాగాలు వేసినా అది సరికాకుండా అంకెలు రావు.

తర్వాత బండిని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేసి చక్రాన్ని చేత్తో ఊపాలి. ఒట్టి జాకీ మీద ఎవరినీ కిందకు దూరనివ్వకండి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివరి గుండు కీలు) లేదా హబ్ బేరింగ్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ లోపలి కీలు. టై రాడ్‌ను కుడి పక్క దానితో పోల్చి చూస్తే వంపు కంటికే తెలుస్తుంది. సన్నని కడ్డీ కదా, ఇలాంటి దెబ్బకు తరచూ ముందు వంగేది అదే. స్టీరింగ్ ర్యాక్‌కు పరీక్ష: రెండు ముందు చక్రాలూ గాలిలో ఉండగా స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పడం. ఒకచోట పట్టేసినట్టు బిగుతుగా తగిలినా, టై రాడ్ బాగున్నా మధ్య నుంచి రెండు పక్కలకూ తిరిగే చుట్లు సమానంగా లేకపోయినా ర్యాక్‌ను అనుమానించాలి. అవేవీ లేకుండా 14,800 ఎందుకు పెట్టాలో వాళ్లు చూపించాలి.

యాక్సిల్ గురించి వివరంగా రాస్తాను. మీ మెకానిక్, సర్వీస్ సెంటర్ ఇద్దరూ కలిసిన మాట అదొక్కటే, నాకు తక్కువ నమ్మకం ఉన్నదీ అదే. ముందు చక్రాలతో నడిచే కారులో యాక్సిల్ అంటే గేర్ బాక్స్ నుంచి హబ్‌కు వెళ్లే డ్రైవ్ షాఫ్ట్. అది బండి బరువు మోయదు, చక్రాన్ని తిప్పడమే దాని పని. చక్రం లోపలికి నెట్టుకొస్తే గేర్ బాక్స్ పక్కనున్న లోపలి కీలులో షాఫ్ట్ జరగడానికి చోటుంటుంది. అందుకే లోయర్ ఆర్మ్, టై రాడ్ వంగే దెబ్బకు కూడా షాఫ్ట్ చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. దెబ్బతింటే గుర్తులు ఇలా ఉంటాయి. సీవీ జాయింట్ (షాఫ్ట్ చివరి కీలు) రబ్బరు బూటు చిరిగి చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే బయటి కీలు టకటకా కొడుతుంది. నిటారుగా పోతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికి, వదిలితే తగ్గితే లోపలి కీలు. గేర్ బాక్స్ దగ్గర ఆయిల్ సీలు కారవచ్చు. ఇక షాఫ్టే వంగిందా అన్నది తేల్చాలంటే జాకీ మీద న్యూట్రల్‌లో చక్రం తిప్పుతూ షాఫ్ట్ మధ్యభాగాన్ని చూడాలి, వంగితే అక్కడ ఎగిరెగిరి పడుతుంది. ఇవేవీ లేకపోతే 13,500 మిగిలినట్టే. బూటు ఒక్కటే చిరిగి, కీలు ఇంకా మెత్తగా ఉంటే బూటు మార్చి కొత్త గ్రీజు నింపితే చాలు. దుమ్ము, వాననీరు చేరాక మాత్రం ఆ కీలు ఎక్కువ రోజులు బతకదు.

ఇప్పుడు నకిల్, షాక్, లోయర్ ఆర్మ్‌లలో దోషి ఎవరు? ఇది కంటికి తెలియదు. మళ్లీ అలైన్‌మెంట్ మెషిన్ దగ్గరికి వెళ్లండి, ఈసారి మంచి చక్రాలతో. వంగిన రిమ్‌కు క్లాంప్ తగిలించి, బండిని ముందుకూ వెనక్కీ దొర్లించి రిమ్ వంపును లెక్కలోంచి తీయకపోతే అన్ని అంకెలూ తప్పే వస్తాయి. స్టీరింగ్ యాక్సిస్ ఇన్‌క్లినేషన్ (అదే మలుపు గీత పక్కకు ఎంత వాలిందన్నది) కొలిచి కాగితం మీద ఇవ్వమనండి. చాలా షాపుల్లో 'ఎస్.ఎ.ఐ.' అంటే అర్థమవుతుంది. క్యాస్టర్ కోసం స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేటప్పుడే బ్రేక్ పెడల్ లాక్ పెట్టి దాన్ని కూడా తీస్తారు. ఎస్.ఎ.ఐ.కి క్యాంబర్ కలపండి, మైనస్ అయితే తీసేయండి. రెండు పక్కలా ఆ మొత్తం పోల్చండి. కుడి ఎస్.ఎ.ఐ. 12°30′ అనుకుందాం, క్యాంబర్ మైనస్ 0°15′, మొత్తం 12°15′. ఎడమ ఎస్.ఎ.ఐ. 11°10′ వచ్చి, 1°05′ కలిపితే అదీ 12°15′. మొత్తం సమానమైతే నకిల్, షాక్ బాగున్నాయి, కింద ఆర్మ్ లేదా క్రాస్ మెంబర్ జరిగింది. అలా కాక ఎడమ ఎస్.ఎ.ఐ. కూడా 12°30′ వస్తే మొత్తం 13°35′ అవుతుంది, అప్పుడు నకిల్ లేదా షాక్ వంగింది. ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి షాక్ పైనట్టు వదులు చేసి దాని కడ్డీని తిప్పుతూ క్యాంబర్ చూడాలి. కడ్డీతో పాటు అంకె మారితే కడ్డీ వంగింది, షాక్ మార్చాలి. షాక్ ఒంటిని పట్టిన బ్రాకెట్ కూడా నిటారుగానే ఉంటే నకిల్. మీ క్యాస్టర్ కూడా తగ్గింది కాబట్టి లోయర్ ఆర్మ్ మీద నాకు బలమైన అనుమానం. కానీ కాగితం ఏమంటుందో చూడకుండా కొనవద్దు.

మూడు వేలకు "క్యాంబర్ లాగడం" అంటే ఏమిటో తెలిస్తే మీరే వద్దంటారు. హైడ్రాలిక్ జాకీ, గొలుసు పెట్టి షాక్ ఒంటిని చల్లగా ఉండగానే వంచుతారు. వంగిన ఆర్మ్ వంగినట్టే ఉంటుంది. దానికి సరిపోయేలా బాగున్న షాక్‌ను కూడా వంచుతారు. కాగితం మీద క్యాంబర్ పచ్చగా వస్తుంది, క్యాస్టర్ రాదు, లాగడం పూర్తిగా పోదు. వంగిన షాక్‌లో కడ్డీ ఒక పక్క రాసుకుని సీలు కారిపోతుంది. ఆర్మ్‌నో టై రాడ్‌నో గ్యాస్ మంటతో కాల్చి నిటారు చేయడం ఇంకా ప్రమాదం. కాల్చిన చోట ఆ ఇనుముకు ఉన్న గట్టిదనం పోతుంది, మరో గుంతలో విరిగితే స్టీరింగ్‌కూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. నకిల్, అల్లాయ్‌లు ఆటోనగర్‌లో పాతవి దొరుకుతాయి, వేసి కొలిచి అంకెలు కుదిరితే ఉంచుకోవచ్చు. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, బేరింగ్ మాత్రం కొత్తవే కొనండి.

ఇక మీ ముందున్న దారులు, డబ్బు లెక్క.

పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియం డిస్కౌంటుకు ముందు 6,000 అని, 45 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉందని రాశారు. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 50 శాతం అవుతుంది, అక్కడే ఉంటుంది. క్లెయిమ్ చేస్తే వరుసగా 0, 20, 25, 35, 45. ఐదేళ్లలో పోయేది 50, 30, 25, 15, 5, అంటే మొత్తం 125 శాతం, దాదాపు 7,500 రూపాయలు. బంపర్ టు బంపర్ లేదు కాబట్టి ఐదో ఏట ఇనుప భాగాల ధరలో 35 శాతం, టైరుకు 50 శాతం మీరే పెట్టుకోవాలి. 1500 సీసీ లోపు కారుకు పైన ఇంకో 1,000 తప్పనిసరి కోత.

టైరు, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్‌తో పని తేలిపోయి లేబర్ 2,500 అయిందనుకోండి. బిల్లు 12,100. కంపెనీ ఇచ్చేది 6,900. దానికోసం 7,500 బోనస్ పోగొట్టుకోవడం దండగ, సొంతంగా పెట్టుకోవడమే మేలు. అల్లాయ్, నకిల్, షాక్, బేరింగ్ కూడా పోయి లేబర్ 5,000 అయితే బిల్లు 35,700, కంపెనీ నుంచి దాదాపు 23,100 వస్తుంది. అప్పుడు బోనస్ పోయినా క్లెయిమే లాభం. కాబట్టి కొలతల తర్వాతే నిర్ణయం. అయితే క్లెయిమ్ ఆలోచన ఏ కొంచెం ఉన్నా కంపెనీకి ఇప్పుడే తెలియజేయండి, ఆలస్యానికి కారణం రాయండి, సర్వేయర్ చూసేదాకా టైరు తప్ప ఏ భాగమూ మార్పించవద్దు. టైరు మార్చే ముందు ఉబ్బు, రిమ్, బండి నంబరు కనబడేలా ఫొటోలు తీసి, పాత టైరు దాచండి. టైరు ఒక్కటే పోతే పాలసీ ఇవ్వదు, బండికీ అదే దెబ్బలో నష్టం జరిగితేనే సగం ఇస్తుంది. ఇంకొకటి: రిపేరు చేయించకుండా తిప్పడం వల్ల పెరిగిన నష్టం పాలసీలోకి రాదు. ఇంకో నెల తిప్పితే చేతి ఖర్చు పెరుగుతుందన్న ఈ మాట మామయ్యగారికి చెప్పండి, ఆ ఉబ్బు మీద ఆయన చేయి పెట్టించండి. గుద్దింది ఎవరన్న మాట పక్కకు పోయి, ఈ బండిలో పెళ్లికి ఎక్కబోయేది ఎవరన్నది ముందుకు వస్తుంది.

ఏ దారిలో వెళ్లినా బిగించేటప్పుడు మూడు విషయాలు దగ్గరుండి చూసుకోండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి, గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చిరుగుతుంది. హబ్ బేరింగ్ మారిస్తే యాక్సిల్ నట్టు కొత్తది వేసి, మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచితో (బిగింపును కొలిచే రెంచి) బిగించాలి. గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే కొత్త బేరింగే పోతుంది. ఏబీఎస్ కారులో కొన్ని బేరింగులకు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది, తిరగేసి నొక్కితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది. చివరగా మళ్లీ అలైన్‌మెంట్, ఈసారి క్యాంబర్, క్యాస్టర్ రెండు పక్కలా ఉన్న కాగితం చేతికి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

పెళ్లి ప్రయాణం: టైరు మారి, చేత్తో ఊపితే ఎక్కడా ఆట లేక, టై రాడ్, ఆర్మ్ సంగతి తేలి సరిచేసి ఉంటే హైదరాబాద్ వెళ్లవచ్చు. తేలకపోతే ఆ ఒక్క రోజుకు బస్సో రైలో చూసుకోండి. ఈలోగా స్కూలుకు తప్పదంటే మంచి టైరుతో, 50–60 దాటకుండా. స్టీరింగ్‌లోగానీ బాల్ జాయింట్‌లోగానీ ఆట కనబడితే ఆ మాత్రం కూడా వద్దు.

బేరింగ్ ఒక్కటి ఇప్పుడు బాగున్నట్టు కనబడి తర్వాత బయటపడవచ్చు. దెబ్బకు లోపలి దారిలో గుండ్ల అచ్చు పడితే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాతే గుయ్‌మని మోత మొదలవుతుంది. ఖాళీ రోడ్డు మీద 60లో కొంచెం కుడికి తిప్పినప్పుడు మోత పెరిగి, ఎడమకు తిప్పితే తగ్గితే అది ఎడమ బేరింగే. సర్వేయర్ వచ్చినప్పుడు ఆ అనుమానాన్ని కూడా రిపోర్టులో రాయించండి, తర్వాత మార్చాల్సి వస్తే అడగడానికి ఆధారం ఉంటుంది. చక్రాలు విప్పిన ప్రతిసారీ 50–100 కిలోమీటర్ల తర్వాత నట్లు మరోసారి బిగింపు చూపించుకోండి.